ఏసీ గదిలో చలి, వసారాలో ఉడుకు

పెద్దపల్లి జిల్లా గ్రామాలలో ఎండాకాలం రాత్రుల తీరు మారిపోయింది. ఇదివరకు రోహిణి కార్తె వచ్చిందంటే మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేవి. వేపచెట్టు గాలికి ఊరు ఊరంతా ఆరుబయట నిద్రపోయేది. నేడు వాకిలి చిన్నదయింది, చెట్టు పోయింది, దోమలు పెరిగాయి. గూన పెంకల ఇంటి స్థానంలో స్లాబు ఇల్లు లేచింది. ఆ స్లాబు కింద ఒక గదిలో ఏసీ గుర్రుమంటున్నది.

ఏసీ పెట్టుకోవడం తప్పని ఎవరూ అనలేరు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది పనిపాటలు చేసుకునే వారు, వృద్ధులు. పగలు ఎండలో కాగిన శరీరం రాత్రి చల్లబడితేనే మరునాటి ఎండకు తట్టుకోగలదు. రాత్రి కూడా ఉడుకే అయితే గుండె మీద భారం పడుతుంది. అందుచేత ఏసీని పట్నపు సోకుగా కొట్టివేయడం సరికాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటిపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. వాయిదాల మీద ఇచ్చే దుకాణాలు మండల కేంద్రాల దాకా వచ్చాయి. ఇకముందు మరిన్ని ఇళ్లకు ఇవి వస్తాయి.

వచ్చిన చిక్కల్లా రిమోటు మీద నొక్కే అంకెతోనే.

చాలా ఇళ్లలో ఏసీ వేయగానే 16 నొక్కుతున్నారు. అంకె ఎంత తగ్గిస్తే గది అంత త్వరగా చల్లబడుతుందని నమ్మకం. ఇది పొరపాటు. రిమోటు మీది అంకె చల్లబరిచే వేగం కాదు, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు మాత్రమే. రైతుకు ఇది మోటారు లెక్కన తేలికగా అర్థమవుతుంది. ఇంటి మీది ట్యాంకులో నీళ్లు ఏ మట్టానికి వచ్చాక మోటారు ఆగాలో గుర్తు పెడతారు. ఆ గుర్తును పైకి జరిపినంత మాత్రాన బోరు ఎక్కువ నీళ్లు పోయదు. మోటారు ఎక్కువసేపు నడుస్తుంది, అంతే. ఏసీ కూడా అంతే. 38 డిగ్రీల గది 26కు దిగడానికి ఎంతసేపు పడుతుందో, రిమోటులో 26 పెట్టినా 16 పెట్టినా సుమారుగా అంతే సేపు పడుతుంది. తేడా ఆ తర్వాతనే. 26 పెట్టిన చోట కంప్రెషరు ఆగి ఆగి నడుస్తుంది. 16 పెట్టిన చోట ఆగదు. ఎండకాగిన స్లాబు కింద 16 డిగ్రీలు రావడమే కష్టం కనుక అది తెల్లవార్లూ దున్నుతూనే వుంటుంది. ఇన్వర్టరు ఏసీ అయినా కోరిన చల్లదనం దగ్గరపడ్డాకనే నెమ్మదిస్తుంది. అందరాని గుర్తు పెడితే దానికీ విశ్రాంతి లేదు.

కేంద్ర ప్రభుత్వపు ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క ప్రకారం ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. 16కు, 26కు పది డిగ్రీల తేడా వుంది కనుక ఖర్చు దాదాపు సగానికి వస్తుంది. 2020 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ఏసీలు వేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టారు. 20కి తక్కువ, 28కి ఎక్కువ పెట్టే వీలు లేకుండా చేస్తామని కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ 2025 జూన్‌లో ప్రకటించారు. ఢిల్లీలో ఏమి నిర్ణయించినా, రిమోటు చేతిలో వున్నది ఇంటివారికే.

తెలంగాణ పల్లెలో ఈ అంకెకు మరొక విలువ వుంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం కింద తెల్లకార్డు ఇళ్లకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్నది. 201 అయితే సున్నా పోతుంది. ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికీ కట్టవలసిందే. 200 దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆపైన 7 రూపాయల 70 పైసల చొప్పున లెక్క వేస్తారు. అంటే ఒక్క యూనిట్ తేడాతో వెయ్యి రూపాయల పైమాట. ఉపాధి హామీ పనికి పోయే ఇంట్లో అది మూడు నాలుగు రోజుల కూలి.

ఒక మామూలు ఇంటి లెక్క చూడవచ్చు. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు రోజుకు పన్నెండేసి గంటలు తిరిగితే నెలకు 54 యూనిట్లు. ఫ్రిజ్‌కు ఒక 30. టీవీ, బల్బులు, మిక్సీకి మరో 15. అక్కడికే వంద. ఇక ఏసీకి మిగిలింది వంద యూనిట్లు, అనగా రాత్రికి మూడు పైచిల్లర. టన్ను ఏసీ కంప్రెషరు నడిచే గంటకు కాస్త అటూ ఇటూగా ఒక యూనిట్ తింటుంది. 16 మీద ఆగకుండా నడిపితే మూడు గంటలకే ఆ రాత్రి వంతు అయిపోతుంది. 26 మీద పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే అదే కరెంటుకు ఆరు గంటల నిద్ర వస్తుంది. గది పెద్దదైనా, యంత్రం పాతదైనా ఈ లెక్క మారుతుంది. అయినా దారి ఇదే. పాత ఫ్యాన్ల బదులు 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగిస్తే ఖరీదు ఎక్కువైనా నెలకు మరో 30 యూనిట్లు చేతికి వస్తాయి. ప్రతి ఆదివారం మీటరు అంకెను దర్వాజ పక్కన సుద్దముక్కతో రాసుకునే ఇల్లు మోసపోదు. వారానికి 46 దాటితే నెలకు 200 దాటుతుంది.

డబ్బు లెక్క ఇంతవరకే. ఇంతకంటె బాధ కలిగించే సంగతి మరొకటి వుంది. అది ఏసీ గదిలో కాదు, బయట వసారాలో కనిపిస్తుంది.

కొత్త ఇల్లు కట్టినప్పుడు వెనుకనో ముందో ఒక రేకుల వసారా దింపుతారు. ఇంటి పెద్దల మంచం అక్కడే. ఏసీ కొడుకూ కోడలూ పడుకునే గదిలో వుంటుంది. ‘‘అమ్మా, లోపలికి వచ్చి పండుకోరాదే’’ అని కొడుకు పిలవకపోడు. తల్లి ఒకనాడు పోయి పడుకుంటుంది. 16 డిగ్రీల చలికి కీళ్లు పట్టేస్తాయి, దగ్గు వస్తుంది. ‘‘నాకు ఆ సలి పడది బిడ్డా, బయటనే నయం’’ అని మళ్లీ వసారా చేరుతుంది. కొడుకు ఆ మాటతో నిమ్మళపడతాడు. పగలంతా కాగిన రేకులు రాత్రి పొద్దుపోయేదాకా కిందికి సెగ దింపుతూనే వుంటాయి. వసారాలోని ఫ్యాను ఆ సెగనే మనిషి మీదికి తోస్తుంది. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను చల్లబరచదని, పైగా వేడిచేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. గదిలో దుప్పటి కప్పుకుని వణకడం, గోడ అవతల ముసలిప్రాణం ఉడికిపోవడం, రెండూ ఒకే మీటరు మీద జరుగుతున్నాయి.

ఆ తల్లికి పడనిది ఏసీ కాదు, 16. అదే గదిలో 26 పెట్టి, గాలి మంచం మీదికి నేరుగా రాకుండా రెక్కలు పైకి తిప్పితే దుప్పటి అవసరం వుండదు, కీళ్లు పట్టవు. నేల మీద చాప వేస్తే మనుమలతో సహా నలుగురికి చోటు చాలుతుంది. కొత్తగా పెళ్లయిన ఇళ్లలో ఇది కుదరని మాట నిజమే. అలాంటప్పుడు పెట్టె ఏ గదిలో బిగించాలన్నది ముందే ఆలోచించవలసింది. పెద్దవాళ్లకు షుగరు, బీపీ మందులు నడుస్తున్న ఇంట్లో అది వారు పడుకునే గదిలోనే వుండడం న్యాయం. పడుచువాళ్లు ఎండకు తట్టుకుంటారు.

ఏసీ కొనలేని ఇళ్లే జిల్లాలో ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి పొడిగా వుంటుంది కనుక కూలరు బాగా పనిచేస్తుంది, కరెంటు కూడా ఏసీలో పాతిక వంతైనా తినదు. కాని చాలామంది ఏసీని చూసి, కూలరు వేసి తలుపులు కిటికీలు బిగిస్తున్నారు. తేమ లోపలే నిలిచి ఒళ్లంతా జిడ్డవుతుంది. కూలరుకు బయటిగాలి రావాలి, లోపలి గాలి ఎదుటి కిటికీ గుండా పోవాలి. మృగశిర వానలు పడ్డాక దాని పని అయిపోయినట్టే. ఫ్రిజ్ విషయంలో దీనికి తిరగబడిన పొరపాటు జరుగుతున్నది. లోపలి గుండీ మీద 1 నుంచి 7 దాకా వుండే అంకెలు డిగ్రీలు కావు. పెద్ద అంకెకే చల్లదనం ఎక్కువ. ఏసీ అలవాటుతో 1 పెట్టి పాలు విరిగాయని మెకానిక్కును పిలిచేవారు, 7 పెట్టి నెలంతా నడిపించేవారు ఇద్దరూ వున్నారు. నడిమధ్య అంకె చాలు.

అసలు రోగం పైకప్పులో వుంది. పాత గూన ఇళ్లలో పెంకల సందుల గుండా వేడి పైకి పోయేది, మట్టిగోడ మందంగా వుండేది. నేటి నాలుగంగుళాల స్లాబు పొద్దంతా ఎండను తాగి రాత్రంతా కక్కుతుంది. తొమ్మిదింటికి ఏసీ వేసినవారు ముందుగా ఆ స్లాబుతో కుస్తీ పడుతున్నారు. సున్నం నానబోసి, వడగట్టి, కొద్దిగా జిగురు కలిపి రెండు పూతలు మిద్దెమీద వేస్తే ఎండలో పెద్దభాగం తిరిగి పైకే పోతుంది. రేకుల మీద కూడా తెల్లపూత పనిచేస్తుంది. అయితే సిమెంటు రేకుల మీద నేరుగా అడుగుపెట్టరాదు. అవి పగిలి కిందపడి నడుములు విరుగుతాయి. వాసాలకు అడ్డంగా పలక వేసుకుని, కింద ఒక మనిషిని నిలబెట్టుకునే వేయాలి. అదీ వీలు కాకపోతే తాటికమ్మలు పరిచినా చాలు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, అంతకు మించిన స్థలంలోని ఇళ్లకు దానిని తప్పనిసరి చేశారు. చిన్న ఇళ్లకు మాత్రం వారి ఇష్టం. ఎండ ఎక్కువగా తగిలేది 600 గజాల బంగ్లాకు కాదు, 60 గజాల రేకుల ఇంటికి. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు. 400 చదరపు అడుగుల ఆ స్లాబు మీద తెల్లపూతకు అయ్యే ఖర్చు అందులో ఎంత? చివరి విడత బిల్లుకు ముందు పూత పడిందా లేదా అని ఇంజనీరు చూసేలా ఒక్క నిబంధన చేరిస్తే సరిపోయే పని ఇది. ప్రజాప్రతినిధులు ఈ మాట అడగవలసి వుంది. ఊరి బడి, అంగన్‌వాడీ మిద్దెల మీద మొదట వేయించి చూపిస్తే మిగతావారు చూసి నేర్చుకుంటారు.

విద్యుత్ శాఖకూ ఇందులో భాగముంది. రామగుండం కేంద్రంలో 2,600 మెగావాట్లు పుట్టవచ్చు. కాని ఊళ్లోకి వచ్చేసరికి అంతా వాడకట్టు ట్రాన్స్‌ఫార్మరు మీదనే ఆధారపడుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు కింద పది ఏసీలు ఒకేసారి నడిస్తే సగం బలం వాటికే పోతుంది. రాత్రి ఎనిమిదింటికి వోల్టేజి పడిపోయి ఫ్యాన్లు మూలుగుతుంటే ఏసీ లేని ఇంటివారే ముందు నష్టపోతారు. ఏ వాడలో ఎన్ని ఏసీలు వచ్చాయో ఎండలు ముదరకముందే లెక్క తీసి, అవసరమైన చోట ట్రాన్స్‌ఫార్మరు మార్చడం అధికారుల విధి. లోడు పెంచమని దరఖాస్తు పెట్టకుండా, దొంగచాటుగా పెట్టె బిగించడం వినియోగదారుల తప్పు. ఫ్యాను తీగకే ఏసీ తగిలించడం, ఎర్తు లేకుండా నడపడం ఇంకా ప్రమాదకరం. దానికి వేరుగా లావు తీగ, వేరుగా ఎంసీబీ వుండాలి. కరెంటు పోయి వచ్చిన వెంటనే వేయకుండా మూడు నిమిషాలు ఆగితే కంప్రెషరు బతుకుతుంది. పదిహేను రోజులకొకసారి జాలీ విప్పి కడగడానికి మెకానిక్కు అవసరం లేదు. కోతల కాలంలో వరి దుమ్ముకు అది వారానికే మూసుకుపోతుంది.

ఉగాదికి ఇళ్లకు సున్నాలు వేయడం జిల్లాలో ఇంకా పోలేదు. గోడలయ్యాక బకెట్టులో మిగిలిన సున్నాన్ని మోరీలో పారబోస్తున్నారు. చైత్రం దాటితే మిద్దెమీద కాలు పెట్టలేరు కనుక, ఆ బకెట్టును అదేరోజు పొద్దున పైకి ఎక్కించవలసి వుంటుంది.