పెట్టెలో జిల్లా మారింది... మరి వాక్యంలో?

తెలుగు వికీపీడియాలో తిరువూరు పేజీ ఎప్పుడైనా తెరిచారా? ఓ పక్కన చిన్న పెట్టెలో జిల్లా, జనాభా లాంటి వివరాలు. మిగతా అంతా మామూలు వాక్యాల్లో ఊరి సంగతులు. చదివేవాళ్లకు రెండూ వేర్వేరు. రాసేవాళ్లకు మాత్రం రెండూ ఒకే కాగితం!

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా రాయాలి కదా, అందుకే వికీల రాతకు కీబోర్డు మీది మామూలు గుర్తులనే వాడుకున్నారు. పదానికి అటూ ఇటూ రెండేసి స్క్వేర్ బ్రాకెట్లు పెడితే లింకు. రెండేసి ఫ్లవర్ బ్రాకెట్లు పెడితే 'మూస'. కంసాలి మూసలాంటిదే! అందులో 'జిల్లా = ఫలానా' అని పోస్తే పెట్టె తయారై వస్తుంది. చివరి బ్రాకెట్లు మర్చిపోయారో, లోపలి సరుకంతా పేజీ మీద ఒలికిపోతుంది. (అన్నట్టు, ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డులో ఆ మీట నొక్కితే వచ్చేది బ్రాకెట్ కాదు... డ, ఢ! బ్రాకెట్ కావాలంటే ఇంగ్లిషులోకి వెళ్లి రావాల్సిందే. ఈ పద్ధతి రూపొందించినవాళ్ల ముందు తెలుగు కీబోర్డు లేదు మరి.)

అసలు చిక్కు 2022 ఏప్రిల్ 4న వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తిరువూరు కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. పెట్టెలో మార్చడం సులువే, 'జిల్లా' గడి ఎక్కడుందో కంప్యూటరుకు తెలుసు. వాక్యాల సంగతో? 'కృష్ణా జిల్లా' అని ఉన్నచోటల్లా మార్చెయ్యమంటే, 'ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది' అన్న వాక్యాన్నీ మార్చేస్తుంది. చరిత్రే తారుమారు!

వివరాన్ని ఒక్కచోటే దాచి, వాక్యంలో ఖాళీ వదిలి అక్కడికి తెప్పించుకోవచ్చుగా అంటారా? అలా దాచేందుకే 2012లో వికీడేటా వచ్చింది. పెట్టెలకది బాగానే పనికొస్తుంది. తెలుగు వాక్యానికే కుదరదు. నందిగామ పక్కన 'కు' చేరిస్తే నందిగామకు. బాగుంది. అదే ఖాళీలో మైలవరం పడితే? 'మైలవరంకు' అని వస్తుంది. మనం 'మైలవరానికి' అంటాం. ఇంగ్లిషులో ఊరి పేరు మారదు, ముందో మాట చేరుతుందంతే. మనకు పేరే రూపు మార్చుకుంటుంది. దీనికీ కంప్యూటరుకు సూత్రాలు నేర్పొచ్చు. కానీ అవన్నీ రాతలోకే ఎక్కిస్తే, మామూలు మనిషి ఆ పేజీ జోలికి వెళ్తాడా?

అంకెలూ హోదాలూ పెట్టెకు వదిలేసి, వాక్యాలు మనుషులు రాసుకోవడమే నయమనిపిస్తుంది నాకు. కాకపోతే జిల్లా మారిన ప్రతిసారీ ఒక్కో ఊరి పేజీనీ ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. మీ ఊరి పేజీ ఎవరైనా చదివారో లేదో, ఈ ఆదివారం ఓసారి చూడండి.