ఏకభాషావాదం శాంతికి శత్రువు

ఒకే రాజ్యం, ఒకే భాష అన్న సిద్ధాంతం ఐక్యతను తెస్తుందని నమ్మించేవారికి చరిత్రే సమాధానం. 1948లో ఢాకాలో జిన్నా, పాకిస్తాన్‌కు ఉర్దూ ఒక్కటే రాజభాష అని ప్రకటించారు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం నినదించిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ గాయం మానలేదు. 1971లో యుద్ధం వచ్చి దేశమే చీలింది. నేటి శ్రీలంక, నాటి సిలోన్, 1956లో సింహళాన్ని ఏకైక అధికారభాషగా శాసించింది. ఆనాడు నాటిన వైషమ్యం 1983లో అంతర్యుద్ధమై 2009 దాకా ఆరలేదు.

అదే 1956లో మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించమని అది ఆదేశిస్తోంది. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగు బడి కోరేవారిని వేర్పాటువాదులనడం అన్యాయం. పొరుగు భాషను నేర్చుకుందాం, గౌరవిద్దాం. మన హక్కును మాత్రం వదలక అడుగుదాం.