ఓడించినం సరే, మళ్లీ వచ్చిందెవరు?



ఏజెన్సీ ఓటు సీసాకు, నోటుకు పడుతదని మైదాన ప్రాంతపోళ్లు ఎగతాళి చేస్తుంటారు. ఆ మాట అనేటోళ్లు ఒక్కసారి ఇల్లందు, పినపాక లెక్క చూడాలె.

2014లో ఇల్లందులో కోరం కనకయ్య కాంగ్రెస్ గుర్తు మీద గెలిచి టీఆర్ఎస్‌లోకి పోయారు. 2018లో జనం ఓడగొట్టారు. ఆయనపై కాంగ్రెస్ నుంచి గెలిచిన బానోత్ హరిప్రియ కూడా ఏడాది తిరగకముందే అదే కారెక్కారు. 2023లో ఆమెనూ ఓడగొట్టారు. పినపాకలో అచ్చం ఇదే కథ. వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచి టీఆర్ఎస్‌లో చేరిన పాయం వెంకటేశ్వర్లు 2018లో ఓడారు. ఆయన్ని ఓడించిన కాంగ్రెస్ అభ్యర్థి రేగా కాంతారావూ పార్టీ మారి 2023లో ఓడారు. ఆ ఏడాది జూన్‌లోనే పోడు పట్టాలు పంచారు. పట్టా మన హక్కు, తీసుకున్నం. ఓటు దానికి బదులు కాదు. (ఓటమికి వేరే కారణాలూ ఉన్నయి, కాదనను.)

మరి 2023లో గెలిచిందెవరు? కోరం, పాయం! ఈసారి ఇద్దరూ కాంగ్రెస్. మనం వేసిన శిక్ష ఐదేండ్ల సెలవుగా మారింది. టికెట్ ఎవరికియ్యాలో పార్టీలే తేల్చినంక మన చేతిలో మిగిలేది ఇద్దరు ఫిరాయింపుదారుల్లో ఒకరిని ఎంచుకోవడమే.

చట్టం లేదా అంటే 1985 నుంచి ఉంది. కానీ మూడింట రెండొంతుల మంది కలిసిపోతే దాన్ని విలీనం అంటారట. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలను అట్లనే కలిపేసుకున్నారు. ఒక్క కోడిని ఎత్తుకుపోతే దొంగతనం, గంప మొత్తం ఎత్తుకుపోతే బేరమా? ఇప్పుడు కాంగ్రెస్ వంతు. భద్రాచలంలో బీఆర్ఎస్ నుంచి గెలిచిన తెల్లం వెంకట్రావు 2024లో ఆ కండువా కప్పుకున్నారు. ఇట్లాంటి పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. అప్పటికే ఏడాది దాటింది.

పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో 2008లో మున్సిపల్ అధ్యక్షులను జనం మధ్యలోనే ఓటేసి దింపారు. ఎమ్మెల్యేకు ఆ భయం ఎందుకుండొద్దు?

చట్టం వచ్చేదాకా ఆగుదామా అన్నలారా, అక్కలారా? ఈసారి ఓటడగడానికి గూడేనికి వచ్చినోళ్లను గ్రామసభ ముందు నిలబెడదాం. "పార్టీ మారితే ముందు రాజీనామా చేస్తా" అని తీర్మానం పుస్తకంలో రాసి సంతకం పెట్టమందాం. కోర్టులో చెల్లదంటారు, తెలుసు. సంతకం పెట్టనోళ్ల పేర్లు వారపు సంతలో మైకు పెట్టి చదువుదాం.