పొలంలో దొరికిన నాణెం

అమరావతిలోనో, హంపిలోనో, ఏదో ఒక పాతకోట గుమ్మం దగ్గరో, యాత్రికుణ్ణి పక్కకు పిలిచి గుడ్డమూట విప్పే మనిషి మీకూ తారసపడే ఉంటాడు. మూటలో నాలుగైదు నాణేలుంటాయి. "పొలం దున్నుతుంటే బయటపడ్డాయండీ" అంటాడు. మనవాళ్ళు బేరమాడి ఒకటి కొంటారు. ఇంటికి వచ్చాక "ఇది అసలుదేనా?" అని కనబడ్డవారినల్లా అడుగుతారు. నాణేలంటే నాకు కాస్త ఆసక్తి ఉందని తెలిసిన పాపానికి ఆ ప్రశ్న నాదాకా చాలాసార్లే వచ్చింది. ప్రశ్న సహజమైనదే. కాని అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని నా అభిప్రాయం.

అయినా అడిగినదానికే మొదట సమాధానం చెప్పుకుందాం. ప్రాచీన నాణేలలో చాలాభాగం లోహపు బిళ్ళను అచ్చుల మధ్య ఉంచి సుత్తితో కొట్టినవి. ప్రతి దెబ్బా ఒకే తీరుగా పడదు. బొమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది, అక్షరాలు సగం అంచు దాటిపోతాయి, బిళ్ళ చీలుతుంది. నకిలీలు ఎక్కువగా అసలు నాణెం నుండి మూస తీసి పోతపోసినవి. భూతద్దంలో వాటి ముఖం మీద సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి; అంచు చుట్టూ మూస రెండు సగాలు కలిసిన గీతో, దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడో ఉంటుంది. అయితే ఆ గీత ఒక్కదాన్నే పట్టుకొని తీర్పు చెప్పరాదు. మనదేశంలో పోత నాణేలు కూడా ప్రాచీనకాలం నుండీ ఉన్నాయి. అంతకంటె గట్టి సాక్ష్యం మూటలోనే ఉండవచ్చు. రెండు నాణేలమీద ఒకేచోట ఒకే చీలిక, ఒకే నొక్కు కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కరలేదు. సుత్తిదెబ్బకు కవలలు పుట్టరు.

విజయనగర వరహా అని చూపించేదానికి తూకం చాలు. వరహా సుమారు 3.4 గ్రాములు. బంగారం ఇత్తడికంటె రెట్టింపుకు పైగా బరువైన లోహం కనుక, బంగారుపూత వేసిన ఇత్తడిబిళ్ళ పరిమాణం సరిపోతే తూకం తగ్గుతుంది, తూకం సరిపోతే బిళ్ళ దొడ్డదవుతుంది. రెండూ ఒకేసారి కుదర్చడం పూతవాడి తరం కాదు. ఇక ఒకవైపు సీతారామ పట్టాభిషేకమో హనుమంతుడో, మరోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం ఉన్న రాగిబిళ్ళల విషయంలో ఇంత శ్రమ కూడా వద్దు. కంపెనీ అటువంటి నాణేలు ఎన్నడూ ముద్రించలేదు. (వాటికి బియ్యపుగింజలను లాక్కొనే శక్తి ఉందని చెప్పి లక్షలు కాజేసిన ముఠాల వార్తలు మన పత్రికలకు కొత్త కాదు.)

చింతపండు సంగతి కూడా చెప్పాలి. నాణెం ఇంటికి రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని దాన్ని తళతళలాడేలా తోమడం. రాగిమీద శతాబ్దాలుగా పేరుకున్న ఆకుపచ్చ, నలుపు పొర కూడా ఒక సాక్ష్యమే. అది లోహాన్ని అంటిపెట్టుకొని పెరిగిందా, ఆమ్లంతో నిన్నమొన్న పుట్టించినదా అన్నది చూసి తెలిసినవారు చాలా చెప్పగలరు. చింతపండు ఆ సాక్షి నోరు శాశ్వతంగా మూయిస్తుంది.

ఇప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న: ఇది ఎక్కడ దొరికింది? 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్తంబిలో 13 వేలకు పైగా వెండినాణేలు ఒక్కచోట బయటపడ్డాయి. అన్నీ క్షహరాత నహపానుడివే. కాని వాటిలో అధికభాగం మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు మళ్ళీ కొట్టించాడు. ఓడినవాడి ముఖం మీద గెలిచినవాడి గుర్తు! వాటిలో ఒక్కటి మాత్రమే ఎవరి జేబులోకో చేరి ఉంటే, రెండు బొమ్మలు కలగాపులగమైన ఆ బిళ్ళను చూసి నకిలీ అని పారేసేవారు. అన్నీ కలిసి దొరికాయి కనుక అవి ఒక యుద్ధానికి సాక్ష్యాలయ్యాయి.

మన కోటిలింగాల కథ కూడా అదే చెబుతుంది. నేటి జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో దొరికిన గోబద, సమగోప, చిముక నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వెలుగులోకి తెచ్చారు. పురాణాలు చెప్పే శాతవాహన వంశకర్త సిముకుడే ఈ చిముకుడన్న వాదం అక్కడినుండే బలం పుంజుకొంది. శాతవాహనుల తొలి స్థావరం ఎక్కడన్న చర్చ తెలంగాణ వైపు తిరిగింది. ఆ చర్చకు ఆధారం నాణెం మీది మూడక్షరాలు మాత్రమే కాదు, అవి కోటిలింగాలలో దొరికాయన్న మాట కూడా. అదే నాణెం హైదరాబాదు అంగడిలో ఊరూపేరూ లేకుండా కనిపించి ఉంటే, ఎంత అసలుదైనా ఈ విషయంలో దాని నోరు పెగిలేది కాదు.

అందుకే గుడ్డమూట మనిషి కథ నాకు చిత్రంగా తోస్తుంది. ఆ కథ అబద్ధమైతే మీరు కొన్నది బహుశా నకిలీ. నిజమైతే అది అమ్మకూడని వస్తువు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపాన్ని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించరాదు. సెలవులకు వచ్చి, జ్ఞాపకంగా ఒకటి పెట్టెలో వేసుకొని అమెరికా విమానం ఎక్కే మన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. చిక్కు ఏమిటంటే, అది నకిలీ అయితేనే వారు నిశ్చింతగా వెళ్ళగలరు.

ఇప్పటికే కొన్నవారిని నేను అడిగేది ఒక్కటే. తోమకండి. ఎక్కడ, ఏ రోజున, ఎవరు ఏ ఊరి పేరు చెప్పి అమ్మారో ఒక కాగితం మీద రాసి, నాణెంతోపాటు కవరులో పెట్టి, దగ్గరలోని పురావస్తు శాఖ మ్యూజియంలో చూపించండి. వారు చూసి నకిలీ అంటే ఆ కాగితం చింపేయవచ్చు.