టికెట్ కిటికీ మూయడానికి ముందు

రైల్వే స్టేషన్లలో టికెట్ కిటికీల అవసరం తీరిపోయిందని 2023 జూలైలో ఇంగ్లండు రైలు కంపెనీలు తలచాయి. దాదాపు 1,000 కౌంటర్లు మూసివేయాలని ప్రతిపాదించాయి. నూటికి 12 టికెట్లే కిటికీ వద్ద అమ్ముడవుతున్నాయని, సిబ్బందిని ప్లాట్‌ఫారం మీదికి పంపి సాయం చేయిస్తామని వాటి వాదన.

లెక్క సరే. కాని ఆ 12 టికెట్లు కొనేవారిలో చూపు లేనివారున్నారు, వృద్ధులున్నారు, చేతిలో నగదు తప్ప మరేమీ లేనివారున్నారు. తెర మీది అక్షరం కనిపించని మనిషికి యంత్రమూ గోడా ఒకటే. ప్లాట్‌ఫారంపై తిరిగే ఉద్యోగిని అతడు ఎక్కడని వెతుక్కోవాలి? కిటికీ అయితే ఉన్నచోటే ఉంటుంది.

అభిప్రాయాలు తెలపడానికి మొదట ఇచ్చిన గడువు 21 రోజులే. నిరసన రేగడంతో సెప్టెంబరు 1 వరకు పొడిగించారు. ఏడున్నర లక్షల అభిప్రాయాలు వచ్చి పడ్డాయి. ప్రయాణికుల పక్షాన పనిచేసే ట్రాన్స్‌పోర్ట్ ఫోకస్, లండన్ ట్రావెల్‌వాచ్ సంస్థలు ప్రతిపాదనలను వ్యతిరేకించాయి. అక్టోబరు 31న వాటిని వెనక్కి తీసుకోవలసిందిగా ప్రభుత్వమే కంపెనీలను కోరింది.

మన స్టేషన్లకూ టికెట్ యంత్రాలు, ఫోను టికెట్లు వచ్చాయి. రావలసినవే. అయితే అవి కిటికీకి తోడుగా ఉండాలి గాని బదులుగా కాదు. ఎక్కడైనా కౌంటరు మూయదలచితే అధికారులు ముందుగా ఆ ఊరివారిని అడగాలి. ప్రయాణికులు కూడా రచ్చబండ మీద గొణుక్కుని ఊరుకోక, తమ అభ్యంతరాన్ని కాగితం మీద పెట్టి పంపాలి. ఇంగ్లండులో కిటికీలను నిలబెట్టింది ఆ కాగితాలే.