సగం అమర్త్యసేన్‌ను చూపిస్తే చాలదు

మద్దతు ధరకు చట్టం కావాలని మనం అడిగినప్పుడల్లా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ధాన్యం ధర పెంచితే బియ్యం ధర పెరుగుతుంది, పేదవాడు పస్తుంటాడు, రైతుల స్వార్థానికి కూలి జనాన్ని బలిచేస్తారా అని అడుగుతారు. టీవీ చర్చల్లో కోటు వేసుకుని కూర్చున్న పెద్దమనుషులకు ఇది కంఠతా వచ్చిన పాఠం. అవసరమైతే దానికి అమర్త్యసేన్ పేరు తగిలిస్తారు. నోబెల్ బహుమతి వచ్చినాయన, భారతరత్న, పేదల ఆర్థికవేత్త. ఆయనే అన్నాడు కదా, ఇక మీరేమంటారు అని.

ఆయన ఆ మాట అన్న సంగతి నిజమే. దాని దగ్గరకు వస్తాను. ముందు ఆయన జీవితమంతా ఏం చెప్పాడో చూడాలి. ఎందుకంటే ఆయన పేరుతో మన నోరు మూయించాలని చూసేవాళ్లు ఆయన్ని సగమే చదివారు.

సేన్ 1933లో శాంతినికేతన్‌లో పుట్టారు. ఆ పేరు పెట్టింది రవీంద్రనాథ్ ఠాగూర్. తండ్రి ఢాకా విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవారు. అంటే తిండికి లోటు లేని ఇల్లు. 1943లో బెంగాల్ కరువు వచ్చేనాటికి ఆయనకు ఇంకా పదేళ్లు నిండలేదు. ఊళ్ల నుంచి ఎముకల గూళ్లలాంటి మనుషులు కలకత్తా దారిపట్టి శాంతినికేతన్ మీదుగా పోతుంటే, అడిగినవాళ్లకు సిగరెట్ డబ్బాతో ఒక డబ్బా బియ్యం పెట్టడానికి తాతగారు అనుమతి ఇచ్చారట. ఆ పిల్లవాడికి ఒక సంగతి మనసులో నిలిచిపోయింది. తన బంధువుల్లో గాని, తనతో చదువుకునే పిల్లల ఇళ్లలో గాని ఎవరూ ఆకలితో చావలేదు. అంతమంది చచ్చిపోతుంటే చావు కొన్ని గడపలే ఎందుకు తొక్కింది?

మరుసటి ఏడాది ఢాకాలో కాదర్ మియా అనే ముస్లిం కూలీ కత్తిపోట్లతో రక్తం కారుతూ వాళ్ల గేటు దగ్గరకు వచ్చి పడ్డాడు. మతకల్లోలాల రోజులు. ఆ వాడకు వెళ్లొద్దని భార్య చెప్పినా, ఇంట్లో పిల్లలకు తిండి లేక కూలికి వచ్చాడు. ఆసుపత్రికి తీసుకెళ్లినా బతకలేదు. ఆకలి మనిషికున్న స్వేచ్ఛను కూడా తినేస్తుందని సేన్ తర్వాత రాసిందంతా ఆ గేటు దగ్గర మొదలైందే.

1981లో ఆయన పేదరికం, కరువుల మీద రాసిన పుస్తకంలో బెంగాల్ లెక్కలన్నీ తవ్వి తీశారు. అప్పటిదాకా అందరూ నమ్మింది ఒకటే: పంట పోయింది, తిండి లేదు, జనం చచ్చారు. సేన్ లెక్క వేసి చూస్తే 1943లో బెంగాల్లో ఉన్న తిండిగింజలు అంతకు ముందరి అయిదేళ్ల సగటు కన్నా 5 శాతం మాత్రమే తక్కువ. కరువు లేని 1941తో పోలిస్తే 13 శాతం ఎక్కువే. మరి ముప్ఫై లక్షల మంది ఎందుకు చనిపోయారు? 1942 డిసెంబరులో కలకత్తాలో టోకున మణుగు (సుమారు 37 కిలోలు) 13, 14 రూపాయలున్న బియ్యం మార్చికి 21 అయింది, మే నెలలో 30 దాటింది, ఆగస్టుకి 37కు ఎక్కింది. యుద్ధం ఖర్చుకు ప్రభుత్వం డబ్బు కుమ్మరించింది. నగరంలోని కార్మికులకు, ఉద్యోగులకు చౌకగా బియ్యం సరఫరా చేసింది. జపాన్ సైన్యానికి దొరకకూడదని తీర ప్రాంతాల పడవలు లాగేసుకుంది. వ్యాపారులు నిల్వలు దాచారు. పల్లెలో కూలి రేటు మాత్రం ఉన్నచోటే ఉంది.

చచ్చిపోయినవాళ్లు ఎవరు? వ్యవసాయ కూలీలు, చేపలు పట్టేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, వడ్లు దంచేవాళ్లు, చేతివృత్తులవాళ్లు. తాము నాటిన వరి, తాము కోసిన వరి కళ్లముందే బండ్ల మీద పోతుంటే చచ్చారు. మంగలివాళ్ల గురించి కూడా సేన్ రాశారు. ఆకలి రోజుల్లో క్షవరం ఎవరికి కావాలి? కత్తి, చెయ్యి అవే. దాంతో వచ్చే బియ్యం మాత్రం చిటికెడైపోయింది. ఇంకొక సంగతి మన వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. డబ్బు కూలి తీసుకునేవాడికన్నా పంటలో వాటా తీసుకునే పాలుకాపు కొంత నయంగా బతికాడు. గింజ అతని చేతిలో ఉంది గనక.

దీన్నుంచి సేన్ తేల్చింది ఇది. ఊళ్లో తిండి ఎంత ఉందన్నది అసలు ప్రశ్న కాదు. ఆ తిండిని తెచ్చుకునే తాహతు ఎవరికి ఉంది? తన దగ్గరున్నదాన్ని, అంటే రెక్కల కష్టాన్నో, చేపనో, గేదెనో ఇచ్చి ఎంత తిండి తెచ్చుకోగలడు? ఆ మారకం చట్టప్రకారమే జరుగుతుంది. గోదాములో గింజ ఉంటుంది, గోదాము ముందు మనిషి చస్తాడు, ఏ చట్టమూ ఉల్లంఘన కాదు. 1974లో బంగ్లాదేశ్‌లోనూ అంతే. 1971–75 మధ్య తలసరి తిండిగింజలు ఎక్కువగా ఉన్న సంవత్సరమే కరువు సంవత్సరమైంది. వరదలకు నాట్లు పోయి, పని పోయి, కూలీ తాహతు పోయింది.

ఇప్పుడు మన పాలకుల మాటలు వినండి. రికార్డు దిగుబడి వచ్చింది, ప్రపంచంలో బియ్యం ఎగుమతి చేసేవాళ్లలో మనమే మొదటి స్థానం, ఇక రైతుకు ఇబ్బంది ఏముంది అంటారు. 1943లో బెంగాల్ అధికారులు చెప్పిందీ ఇదే: గింజలకు కొరత లేదు. అంత ఘోరం జరిగినా కరువు వచ్చిందని అధికారికంగా ప్రకటించనే లేదు. టన్నులు లెక్కపెట్టి మనుషుల్ని వదిలేసే ఈ అలవాటు మీదే సేన్ జీవితమంతా పోరాడారు. 2019లో జాతీయ నమూనా సర్వే చెప్పిన లెక్క చూడండి. దేశంలో వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 3,798. కూలి మీద వచ్చింది 4,063. అంటే పంటకన్నా కూలే ఎక్కువ పెడుతున్న ఇల్లు. ఆ 3,798లో కూడా ఇంటివాళ్లు చేసిన చాకిరీ ఖర్చు కింద తీయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి.

ఇంటివాళ్ల చాకిరీ అన్నాను గనక, సేన్ 1962లో రాసిన ఒక చిన్న వ్యాసం సంగతి చెప్పాలి. నోబెల్ గురించి మాట్లాడేవాళ్లకు ఇది గుర్తుండదు, మనకు మాత్రం ఇది అన్నిటికన్నా ముఖ్యం. యాభయ్యో దశకంలో దేశంలో జరిగిన వ్యవసాయ యాజమాన్య సర్వేలు తీసుకుని ఆయన మూడు సంగతులు చూపించారు. ఇంటివాళ్ల పనికి మార్కెట్ కూలి కట్టి చూస్తే మన దేశ వ్యవసాయంలో చాలాభాగం నష్టమే. అలా లెక్కకడితే కమతం పెద్దదైనకొద్దీ లాభం పెరుగుతుంది. కాని ఎకరానికి దిగుబడి మాత్రం చిన్న కమతంలోనే ఎక్కువ. ఎందుకు? పెద్ద రైతు కూలి గిట్టుబాటు కానిచోట పని ఆపేస్తాడు. చిన్న రైతు, అతని భార్య, పిల్లలు ఆపరు. కలుపు ఇంకోసారి తీస్తారు, గట్టు ఇంకోసారి చెక్కుతారు. బయట పని దొరకదు, దొరికినా దాని మీద భరోసా లేదు. అరవై ఏళ్ల కిందట ఆయన చూపించింది ఇదే: ఈ దేశం తినే అన్నంలో ఎవరూ కూలి కట్టని పని ఉంది.

ఇప్పుడు ఆయనతో మన పేచీకి వస్తాను. 2001–02లో ప్రభుత్వ గోదాముల్లో 6 కోట్ల టన్నులకు పైగా గింజలు మూలుగుతున్నాయి. ఆ మూటలు వరసగా పేరిస్తే చంద్రుడి దాకా వెళ్లి తిరిగిరావచ్చని అప్పట్లో లెక్క చెప్పుకునేవారు. అదే సమయంలో దేశంలో సగం మంది పిల్లలకు సరైన తిండి లేదు. సేన్ దాన్ని ఎండగట్టారు, ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ గుట్టలకు కారణం వెతుకుతూ ఎక్కువ మద్దతు ధర వైపు, దాన్ని పెంచమని పట్టుబట్టే రైతుల వైపు వేలు చూపించారు. ధర పెంచితే రైతులు బాగుపడొచ్చు, కొనుక్కుని తినేవాడు దెబ్బతింటాడు అన్నారు.

ఇక్కడ ఆయన తన లెక్కనే తాను మరిచారని నా అభిప్రాయం. ఆ గుట్టలు పేరుకోవడానికి ముందు ఏం జరిగింది? 1997లో రేషన్‌ను దారిద్ర్యరేఖకు పైన, కింద అని చీల్చారు. 2000 బడ్జెట్‌లో కింద ఉన్నవాళ్ల దగ్గర సగం ఖర్చు, పైన ఉన్నవాళ్ల దగ్గర మొత్తం ఖర్చు వసూలు చేయాలని నిర్ణయించారు. రేషన్ షాపు ధర బజారు ధరకు దగ్గరైతే ఎవడు కొంటాడు? ఇంకోపక్క పల్లెల్లో కొనుగోలు శక్తే పడిపోయింది. ఈ మాట అప్పుడే ఉత్సా పట్నాయక్ గట్టిగా చెప్పారు: గింజలు ఎక్కువై కాదు, కొనే చేతులు ఖాళీ అయి గుట్టలు పేరుకున్నాయని. సేన్ పద్ధతిలో ఆలోచిస్తే ఆ జవాబే రావాలి. తాహతు తగ్గింది కూలీకీ రైతుకూ ఇద్దరికీ. (సింగూరు గొడవప్పుడు పొలాల్లో ఫ్యాక్టరీల గురించి ఆయన అన్నదీ మనకు మింగుడుపడలేదు. అది వేరే కథ, మరోసారి.)

రైతుకు ఇచ్చే ధర, పేదవాడు కట్టే ధర ఒకే తాడుకు కట్టిన రెండు కుండలు కావు. మధ్యలో ప్రభుత్వం అనేది ఉంది. ఆ తేడాను భరించడానికే అది ఉంది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు మన రాష్ట్రంలో ధాన్యం కొనుగోలు ఆగిపోలేదు. 2013లో సేన్ కూడా సమర్థించిన ఆహార భద్రత చట్టం దేశంలో 67 శాతం మందికి చౌక గింజలు ఇవ్వాలంది. 2023 జనవరి నుంచి వాళ్లకు అది ఉచితం. మద్దతు ధర వంద పెంచినా వాళ్లు కట్టేది సున్నాయే. ఇప్పుడు కూడా పేదవాడి పళ్లెం చూపించి మన ధరను అడ్డుకునేవాళ్లు ఏ పేదవాడి గురించి మాట్లాడుతున్నారు?

ఇక బజార్లో కొనుక్కునేవాళ్ల లెక్క కూడా వేద్దాం. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369. ఇది ఏ2+ఎఫ్‌ఎల్ ఖర్చు 1,579కి ఒకటిన్నర రెట్లు. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కలిపిన సీ2 ఖర్చు 2,090. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు దానిపై సగం కలిపితే 3,135. క్వింటాలుకు 766 రూపాయలు మనకు ఎగ్గొడుతున్నారు. సరే, ఆ 3,135 ఇచ్చారనే అనుకోండి. క్వింటాలు పచ్చి ధాన్యానికి 67 కిలోల బియ్యం అని ఎఫ్‌సీఐ లెక్క. కిలోకు సుమారు 47 రూపాయలు పడుతుంది, తవుడు, నూక, ఊక మిల్లరుకు వదిలేసినా. మీ పక్క పట్టణంలో కిలో బియ్యం ఎంతకు అమ్ముతున్నారో మీరే చూసుకోండి. ధర పెంచేది పొలంలో కూర్చున్నవాడు కాదు.

అసలు మద్దతు ధర అందేది ఎంతమందికి? శాంతకుమార్ కమిటీయే 2015లో 6 శాతం రైతులకని రాసింది. రాసి, కొనుగోళ్లు పెంచమని చెప్పాల్సింది పోయి తగ్గించుకోమంది! 2023 జూలైలో బియ్యం ధర పెరుగుతోందని బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. ఏడాదికి పైగా ఆ నిషేధం సాగింది. తినేవాడి కోసం కాస్త భారం మోయాలంటే ఖజానా మోయాలి. దాన్ని పండించేవాడి మీద వేశారు.

చట్టం మనిషికీ గింజకూ మధ్య నిలబడుతుందని సేన్ చెప్పిన మాట కౌలు రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. పంట పెట్టేది అతను, అప్పు తెచ్చేది అతను, డెల్టాలో పండినదాంట్లో సగం దాకా కౌలు కింద కొలిచేదీ అతనే. కల్లంలో ధాన్యం మాత్రం పట్టాదారు పేరున అమ్ముడుపోతుంది, డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. 2011 చట్టంలో భూయజమాని సంతకం లేకుండా కౌలు రైతుకు రుణార్హత కార్డు ఇచ్చే వీలుండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం వచ్చి సంతకం తప్పనిసరి చేసింది. తెలంగాణలో పాత చట్టం కాగితం మీదే ఉండిపోయింది. పైగా సగటు లెక్కలో సొంత భూమి ఉన్నవాడి ఖర్చుతో కలిపేసరికి ఇతని కౌలు కరిగిపోతుంది. అతని అసలు ఖర్చు ఏ మద్దతు ధరలోనూ కనిపించదు.

అందుకే మద్దతు ధర చట్టం అడిగేటప్పుడు సీ2 మీద సగం అనే మాటతో పాటు, సంతకం లేకుండా కౌలు గుర్తింపు, సాగు చేసినవాడి ఖాతాలోకే డబ్బు అనే రెండు డిమాండ్లూ ఈ సీజన్‌లో మండల ఆఫీసుల ముందు పెడుతున్నాం. సేన్ పేరు చెప్పి వాటిని కాదనేవాళ్లు ముందు ఆ 1962 వ్యాసం చదివి రావాలి.