గీత గీయకముందే గొంతు విప్పాలి

2007లో కోలారు నుండి చిక్కబళ్ళాపురం జిల్లా వేరుపడింది. 2008లో నియోజకవర్గాల పునర్విభజన అమలులోకి వచ్చింది. అయితే ఈ రెండు సరిహద్దులూ ఏకం కాలేదు. పాతపాళ్య వాసులు బాగేపల్లి శాసనసభ స్థానం ద్వారా చిక్కబళ్ళాపురం లోక్‌సభ పరిధిలో ఉండగా, అదే జిల్లాలోని చింతామణి కోలారు లోక్‌సభ స్థానంలో ఉంది. జిల్లాధికారి ఒక్కరే, పార్లమెంటు సభ్యులు మాత్రం ఇద్దరు.

ఆ విభజనకు ఆధారం 2001 జనాభా లెక్కలు. 2002 నాటి పునర్విభజన చట్టం జనాభాతో పాటు భౌగోళిక స్వరూపం, పాలనా సరిహద్దులు, రాకపోకల వసతి, ప్రజల సౌకర్యాలను పరిగణించమన్నది. భాష ప్రస్తావన అందులో లేదు. కనుక 'మాది తెలుగు ఊరు' అన్న వాదన ఒక్కటే నిలువదు. బస్సు ఏ ఊరికి పోతుంది, తాలూకా కచేరి ఎంత దూరం అన్న లెక్కలే బలమైన సాక్ష్యాలు.

ముసాయిదాను ప్రకటించి, బహిరంగ విచారణలో అభ్యంతరాలు వినాలని కూడా ఆ చట్టం నిర్దేశించింది. తుది ఉత్తర్వు గెజెట్‌లో వెలువడిన పిమ్మట న్యాయస్థానాలు జోక్యం చేసుకొనుట అరుదు.

రాబోయే పునర్విభజనలోనూ ఇదే పద్ధతి కొనసాగితే, ఇక్కడ ప్రకటన కన్నడంలో వెలువడవచ్చు. బడిలో కన్నడం నేర్చిన పిల్లలు దానిని ఇంటి పెద్దలకు తెలుగులో చదివి వినిపించాలి. గడువు దాటకముందే గ్రామసభ తీర్మానం చేయాలి. మౌనంగా ఉన్న ఊరికి సమ్మతి ఉన్నట్లే పరిగణిస్తారు.